తెల్లదోమకు దోమతెర

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ నడిచే కల్మల రైతు సంపర్క కేంద్రానికి సహాయ వ్యవసాయాధికారిగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. వెళ్ళీ వెళ్ళగానే మిరప నారుమళ్ళలో తెల్లదోమ కనిపించింది. పేరుకు దోమే గాని మనుషుల జోలికి రాదు. ఆకుల అడుగున చేరి రసం పీలుస్తూ, ఆకుముడత వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు అంటిస్తుంది. ముడత పట్టిన మొక్కకు మందు లేదు, పీకి పూడ్చాల్సిందే.

నారు జాగ్రత్తల మీద సమావేశం పెట్టి చాటింపు వేయించాను. ఆటోకు మైకు కట్టుకుని తిరిగే చాంద్ పాషాకు మూడు భాషలూ వచ్చు. అదే కొంప ముంచింది. కన్నడంలో ఈ పురుగును 'బిళి నొణ', అంటే తెల్ల ఈగ అంటారు. ఆయన నా తెలుగును మాటకు మాట దింపి 'బిళి సొళ్ళె' అన్నాడు, ఉర్దూలో 'సఫేద్ మచ్ఛర్' అన్నాడు; రెండింటికీ అర్థం మనుషుల్ని కుట్టే దోమే. ఇదేదో మలేరియా వాళ్ళ పని అనుకుని రైతులు రాలేదు. తల్లులు మాత్రం పిల్లలను చంకనేసుకుని రక్తపరీక్షకు వచ్చారు. సూది లేదని తెలిసి పిల్లలు సంతోషించారు, తల్లులు నన్ను తిట్టారు.

రైతుగా వచ్చింది మల్లేశు ఒక్కడే, అదీ ఒళ్ళంతా దద్దుర్లతో.

"సార్, మీ చాటింపు ఇని మా ఆమె ఇంట్ల ఉన్న ఒక్క దోమతెర కొంచవోయి నారుకు గట్టింది. నారేమో తెరల పండుకుంది, నన్ను దోమలకు పారేసింది. జర మీరన్న చెప్పుండ్రి!"

పొలానికి వెళ్ళాను. అతని భార్య నర్సమ్మ మడి దగ్గర కాపలా ఉంది. కిందటేడు ముడతకు తోటంతా పోయింది కాబట్టి, చాటింపు ఏ దోమ గురించో ఆమెకు తెలిసిపోయింది. ఈసారి వాళ్ళ ఆశంతా ఈ నారే. నేను ఆఫీసరు హోదా వెలగబెడుతూ, దోమతెర కన్నాల్లోంచి తెల్లదోమ సులువుగా దూరుతుందని, అంగుళానికి నలభై కన్నాలుండే నైలాన్ వల కావాలని వివరించాను.

"గా వల వచ్చేదాంక గిది ఉండనియ్యుండ్రి సార్. ఆయనకు చేతులున్నయి, దోమల్ని కొట్టుకుంటడు. నారు కొట్టుకుంటదా?" అంది.

తెర పైకెత్తాను. ఆకులు తిప్పి చూశాను. ఎలా తప్పించుకున్నాయో గాని, ముడత లేదు. తెల్లదోమ వాలి అంటుకుపోయే పసుపు జిగురు అట్టలు గుచ్చి, నైలాన్ వల తెప్పించాను. మల్లేశు తెర మల్లేశుకు చేరింది. ఆ నారే నాటారు, కాపు చేతికొచ్చింది.

పురుగు పేరు ఏ భాషలో చాటినా, అది ఏం తింటుందో కూడా చెప్పాలని దీనివల్ల తెలిసింది. తర్వాతి చాటింపుకు అలాగే రాసిచ్చాను. చాంద్ పాషా చివర తన సొంత ముక్క ఒకటి కలిపాడు: "మొగుళ్ళ దోమతెరలు మొగుళ్ళకే ఉంచుండ్రి!"

అది మాత్రం మూడు భాషల్లోనూ అందరికీ సరిగ్గానే అర్థమైంది.