పురుగులున్నప్పుడు పొయ్యి బయట

పట్టుపురుగులకు మా ఇంట్లో జరిగిన మర్యాదలో సగం మా అమ్మకు జరిగి ఉంటే ఆమె ఇంకొన్నేళ్లు బతికి ఉండేది. ఈ మాట ఎవరి మీదో నిష్ఠూరం కాదు. ఆ మర్యాదలు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

పుంగనూరు దగ్గరి పల్లెలో మాది ఒకే గది, ముందొక వసారా ఉన్న ఇల్లు. గదిలో ఒక మూల కట్టెల పొయ్యి, దానికెదురుగా చెయ్యి పట్టేంత కిటికీ. తొంభైలలో మా చుట్టుపక్కల చాలామందిలాగే మేమూ ఆ గదిలోనే పురుగులు పెంచేవాళ్లం. గోడ పొడుగునా వెదురు తట్టలు, వాటిలో పురుగులు, మిగిలిన జాగాలో మేము. నాయన మల్బరీ తోట చూసుకుంటే, ఆకు కోయడం, మేత వేయడం, తట్టలు శుభ్రం చేయడం అమ్మ పని.

పట్టుపురుగుకు పొగ పడదు, ఘాటు పడదు. అందుకని పురుగులు ఇంట్లోకి రావడానికి ముందురోజే పొయ్యి ఆర్పేసి, పెరట్లో మూడు రాళ్లు పెట్టి అక్కడ వండేవాళ్లం. సాంబ్రాణి లేదు, అగరుబత్తి లేదు. నేను మల్లెపూలు పెట్టుకుని వస్తే మా అవ్వ గడప బయటే నిలబెట్టి తీయించేది. నాయన బీడీ కట్ట తీసుకుని వీధి చివరిదాకా పోయి తాగి, నోరు పుక్కిలించి, కాళ్లూ చేతులూ కడుక్కుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. కట్టుకున్న పెళ్లాం ముందు ఏనాడూ అంత అణకువ చూపించిన మనిషి కాడాయన. కొత్తల్లుడు కూడా కుళ్లుకునేంత వైభోగం పురుగులది. పెరట్లో పొయ్యి వెలిగిందంటే ఆ ఇంట్లో పురుగులున్నాయని ఊరికి అర్థమైపోయేది, ఎవరూ లోపలికి వచ్చేవాళ్లు కాదు.

అమ్మకు దగ్గు ఎప్పుడు మొదలైందో తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఉంది. కుండలో ఎసరు మరిగేలోపు నాలుగుసార్లు బయటికి వచ్చి, గోడ పట్టుకుని వంగి నిలబడేది. అయితే పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ దగ్గు నెమ్మదించేది. రెక్కలు ముక్కలయ్యేలా పని చేసినా ఆయాసపడేది కాదు. పురుగులు గూళ్లు కట్టి, ఆ గూళ్లు మదనపల్లె మార్కెట్టుకు పోయి, వంట మళ్లీ గదిలోకి వచ్చిన వారానికల్లా దగ్గు తిరిగి వచ్చేది.

దీన్ని మేము ఎట్లా అర్థం చేసుకున్నామో రాయడానికి సిగ్గుగా ఉంది. "సూడప్పా, పురుగులు పోతానే దీనికి బెంగ పట్టుకునింది. అవి లచ్చిందేవి. ఇంట్లో అడుగు పెడితేనే దీనికి పానం లేసి వస్తాండాది" అనేది అవ్వ మా నాయనతో. అమ్మ కూడా అదే నమ్మి, మేత వేసే ముందు తట్టకు దండం పెట్టుకునేది. ఇంటర్లో సైన్సు చదువుతున్న నేనూ నమ్మాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతకు నన్ను మించిన సాక్ష్యం దొరకదు.

ఒకసారి దగ్గు బాగా ముదిరింది. క్షయ అని భయపడ్డాం. అయినా కొత్త పురుగులు తెచ్చి, తట్టల్లో సర్ది, అవి మేతకు అలవాటు పడ్డాకే నాయనకు తీరిక దొరికింది. అప్పుడు మదనపల్లెలోని మిషన్ ఆసుపత్రికి పోయాం. పరీక్షలు చేసి క్షయ కాదన్నారు. డాక్టరమ్మ మందులు రాయబోతూ ఆగి, "వంట ఎక్కడ చేస్తారు? ఇంట్లో పొగ ఉంటుందా?" అని అడిగింది.

"మా ఇంట్లో పొగే ఉండదు మేడం. పొయ్యి బయటే ఉండాది. నేను బీడీ గూడా వీధిలోనే తాగతా" అన్నాడు నాయన, గర్వంగా.

ఆ రోజుకు అది నిజమే. పక్కనే నిలబడిన నేను కూడా అవునని తల ఊపాను. ఆమె బిళ్లలు రాసిచ్చింది.

రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేశాయి. మా బోరు ఎండింది, దాని వెనకాలే మల్బరీ ఎండింది. నాయన ఆ మొక్కలు పెరికి పొయ్యిలోకే వాడాడు. ఇక పురుగులు రాలేదు. ఏడాది పొడుగునా వంట గదిలోనే. అమ్మ పెదాలు నల్లబడ్డాయి, నీళ్లబిందె ఎత్తలేకపోయేది. పురుగుల బెంగతో చిక్కిపోతోందని ఊరంతా జాలిపడింది.

అప్పటికి నాకు కుప్పం దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సెలవు దొరికినప్పుడు ఇంటికి పోయేదాన్ని. ఒక ఆదివారం తుంపర పడుతోంది. నేను బస్సుకు టైమయిందని సంచి సర్దుకుంటున్నాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"పొయ్యి బయట పెట్టుకుందామామ్మా? పురుగులున్నప్పుడు మాదిరి. అప్పుడు నాకు బాగుండ్య" అంది.

"పురుగుల్లేవు గదమ్మా. మన కోసరం వానలో వంట యాల? ఊరు నవ్వుతాది" అన్నాను.

"అదీ నిజమేలే" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ చలికాలం ఆమెకు గడవలేదు. మూడు రోజులు గాలి కోసం నోరు తెరుచుకుని కొట్టుకుంది. మూడోరోజు మధ్యాహ్నం, అదే గదిలో, చుట్టాలకు అన్నం ఉడుకుతుండగానే పోయింది.

మరుసటి ఏడాది మా బడి వరండాలో ఆడవాళ్లకు ఆరోగ్యం గురించి మీటింగు పెట్టారు. వచ్చిన నర్సమ్మ, బీడీ ముట్టని ఆడవాళ్ల ఊపిరితిత్తులు కూడా కట్టెల పొగకు పాడవుతాయని చెప్పింది. ఎవరో నమ్మకం లేనట్టు నవ్వారు. "ఒక నెల పొయ్యి బయట పెట్టి చూడండమ్మా. దగ్గు తగ్గితే అది పొగ చేసిన దగ్గే" అందామె.

వెనక కుర్చీలు సర్దుతూ ఆ మాట విన్నాను. పొయ్యి బయట పెట్టి చూడటం మేము పదేళ్లపాటు, ఏడాదికి నాలుగైదుసార్లు చేశాం. చేసిన ప్రతిసారీ అమ్మ దగ్గు తగ్గింది. పురుగుకు పడని పొగ మనిషికి మాత్రం ఎట్లా పడుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఊరికి పోయి నాయనకు అంతా చెప్పాను. ఆయన వసారాలో కూర్చుని విన్నాడు.

"పొయ్యి బయట పెట్టేది అంత కష్టమా? పురుగులకు పెడితిమి గదా. నోరు తెరిసి అడిగుంటే ఆయమ్మకు పెట్టకపోదునా? ఒక్క దినమన్నా నన్ను అడగనే లేదు" అన్నాడు. తర్వాత తలెత్తి నా మొహం చూశాడు. "నిన్నన్నా అడిగిందామ్మా?"

"లేదు నాయనా" అన్నాను.