చెయ్యి ఆపకు బావా

మొన్నామధ్య మోకాళ్ళ నొప్పుల బిళ్ళల కోసం మా వీధి చివరి మందుల షాపుకి వెళ్ళాను. అద్దాల తలుపులు, లోపల ఏసీ చల్లదనం, గోడ నిండా రంగురంగుల డబ్బాలు, వాటి మధ్యన ఒక కుర్రాడు తల వంచుకుని కంప్యూటర్ మీటలు నొక్కుతూ ఉన్నాడు. నేను డాక్టరు చీటీ చేతికిచ్చి, ఊరుకోలేని నోరు కదా, ఈ బిళ్ళ పరగడుపున వెయ్యాలా, తిన్నాక వెయ్యాలా, వేస్తే మళ్ళీ పెళ్ళికొడుకులా నడుస్తానా అని అడిగితే, అతగాడు తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా, "తిన్నాక" అని ఒక్క ముక్క అన్నాడు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి, నా ఈడువాడే, ఈ కాలం పిల్లలకి పెద్దాళ్ళంటే లెక్క లేదని నొచ్చుకున్నాడు. నాకు మాత్రం కోపం రాలేదు సరికదా, ఆ ఆగని చేతిని చూస్తూ బిళ్ళల సంగతే మరిచిపోయాను. మందు చేసేవాడు పెద్దవాళ్ళు పలకరించినా సరే చెయ్యి ఆపకూడదని ఒకప్పుడు ఒక మనిషికి దగ్గర కూర్చుని నేర్పించినవాణ్ణి నేను. నేర్చుకున్నవాడు మా బావ.

అవి డెబ్భైల చివరి రోజులు. వన్‌టౌన్‌లో, ఓడ కూత వేస్తే గిన్నెలు కదిలేంత దగ్గర్లో, ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం అమ్మా, చెల్లీ, నేనూ. నాన్న అప్పటికే లేరు. నేను ఎనిమిదో తరగతిలో బడికి సెలవు చెప్పేశాను. చెప్పేశానని అనడం గొప్పకే గానీ, మా లెక్కల మేష్టారు నాకంటే ముందే నాకు చెప్పేశారు. పోర్టులో కలాసీగా చేరి, వీపు మీద బరువులు మోస్తూ, నోటికి మాత్రం ఏ బరువూ లేకుండా హాయిగా తిరిగేవాణ్ణి. మా గ్యాంగులో నా వేళాకోళానికి దొరకని మనిషి లేడు.

అలాంటి ఇంట్లోకి ఒక రేకు పెట్టె, ఒక బియ్యం మూట పట్టుకుని బావ దిగాడు. మా అమ్మకి అన్నగారు, మా మావయ్య, ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు బావ. యూనివర్సిటీలో బీఫార్మసీ సీటు వచ్చింది. ఆ రోజుల్లో ఆ చదువేమిటో మా వాళ్ళెవరికీ తెలీదు. డాక్టరా అంటే కాదు, కాంపౌండరా అంటే కాదు, మరి నాలుగేళ్ళు ఏం చదువుతాడంటే మావయ్య కాసేపు ఆలోచించి, మందుల చదువని చెప్పేవాడు. దాంతో బావ ఊరెళ్ళినప్పుడల్లా అరుగు మీద జనం చేరి, ఒకాయన గజ్జికి, ఒకాయన ఎద్దు కుంటుకి, ఇంకొకాయన వరిచేలో పురుక్కి మందు అడిగేవారట. బావ ఎవరినీ కసిరేవాడు కాదు. అందరి ముందూ నిలబడే జవాబు చెప్పేవాడు.

ఆ నిలబడటమే అసలు కథ. మావయ్య పెంపకం అలాంటిది. పెద్దలు పలకరిస్తే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి, లేచి, భుజం మీద తువ్వాలు దించి మరీ జవాబివ్వాలి. మా అమ్మ వంటింట్లోంచి ఏదో గొణుక్కున్నా, బావ పుస్తకం మూసి గుమ్మంలో నిలబడి "ఏటత్తా?" అనేవాడు. పాలామె వస్తే లేచేవాడు, ఇంటాయన వస్తే లేచేవాడు. వీధిలో మేక అరిస్తే నేను, "లెగు బావా, పెద్దామె వచ్చింది" అనేవాణ్ణి. చెల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తేది. బావ నవ్వి ఊరుకునేవాడు. చెల్లి అంటే బావకీ, బావంటే చెల్లికీ ఇష్టమని ఎవరూ పైకి అనకపోయినా, అతని తెల్లకోటుకి నీలిమందు ఎంత శ్రద్ధగా పెడుతోందో చూసిన అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

రెండో ఏడాది ప్రాక్టికల్ పరీక్ష రోజు సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి బావ కోటు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా, అలాగున్నావ్?"

"ఇరిగిపోయింది బావా."

"ఏటి, సెయ్యా?"

"మందు."

అతను చెప్పింది నా బుర్రకి అందినంత మేరకి మీకు చెప్తాను. ఆముదాన్నీ నీళ్ళనీ కలిపి ఒక మందు చెయ్యమన్నారు. ఎమల్షన్ అంటారు దాన్ని. ఆముదమూ నీళ్ళూ మా కుళాయి దగ్గరి అత్తాకోడళ్ళలాంటివి, ఒకచోట ఇమడవు. మధ్యన తుమ్మబంక పొడి పెద్దమనిషిలా కూర్చుని రాజీ కుదర్చాలి. పింగాణీ కల్వంలో ఆముదం పోసి, బంక పొడి వేసి, కొలత ప్రకారం నీళ్ళు ఒక్కసారిగా పోసి, ఇక అక్కణ్ణించి ఒకే వైపుకి, గబగబా, చెయ్యి ఆపకుండా నూరాలి. నూరగా నూరగా కల్వంలోంచి చిటపటమని సన్నటి చప్పుడొస్తుంది. ఆ చప్పుడొచ్చిందంటే రెండూ కలిసిపోయినట్టు, మందు వెన్నలా తెల్లగా మెరుస్తుంది. ఆ చప్పుడు రాకముందు చెయ్యి ఆగిందా, విరిగిన పాలే, నూనె దారి నూనెది, నీళ్ళ దారి నీళ్ళది.

బావ చెయ్యి మంచిదే. కానీ సరిగ్గా నూరుతుండగా పైఊరి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు వెనక నుంచి వచ్చి, ఈ బంక ఎందుకు వేస్తారయ్యా అని అడిగాడట. మా వాడు కల్వం బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, జవాబు మాత్రం బ్రహ్మాండంగా చెప్పాడట. చెప్పి కూర్చునేసరికి ఆముదం పైకి తేలి అతని మొహం చూస్తోంది. ఆ కంగారులో రెండోసారి చేసిందీ అంతే అయింది.

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష ఉంది. కానీ మావయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈసారీ పోతే ఇక చదువు చాలు, ఎలమంచిలి రైసుమిల్లులో గుమస్తా పని చూసి ఉంచాను, వచ్చెయ్యమని. ఆయన తప్పూ కాదు, రెండేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. బావ వెళ్ళిపోతే మళ్ళీ తిరిగి రాడని, ఆ రేకు పెట్టె వెనక ఇంకా చాలా వెళ్ళిపోతాయని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ అన్నం సరిగ్గా తినడం మానేసింది. చెల్లి నీలిమందు గిన్నె ఎత్తి అటక మీద పెట్టింది. నాకు చదువు రాదు గానీ మా ఇంటి మొహాలు చదవడం వచ్చు.

ఎవరో సీనియర్ దగ్గర బావ పాత కల్వమొకటి సంపాదించుకొచ్చాడు. వన్‌టౌన్‌లో మూలికల కొట్టు సాయిబుగారు, ఇంత తుమ్మబంక పట్టుకెళ్తున్నారు, ఇంట్లో ఎవరికి దగ్గు అని దిగులుపడేవారు. రోజూ సాయంత్రం అరుగు మీద సాధన. ఎవరూ పలకరించకపోతే అద్భుతంగా వచ్చేది. పలకరిస్తే విరిగేది. విరిగినదాన్ని పారబొయ్యడానికి మా అమ్మకి ప్రాణం ఒప్పలేదు, అంత ఆముదం మరి. పైన తేలిన నూనెని గరిటెతో తీసి సీసాలో పోసి ఉంచింది. ఒక ఆదివారం ఆ నూనె చెల్లి తలకి దట్టంగా పట్టించి జడ వేసింది. అందులో కలిసిన బంక సంగతి ఎవరికి గుర్తు? ఎండలో కాసేపు కూర్చుని లేచేసరికి ఆ జడ ఆరిన మోకులా బిగుసుకుపోయి, చెల్లి తల ఎటు తిప్పితే అటు కర్రలా ఊగుతోంది. "ఈ జడ నాకియ్యవే, ఓడలు కట్టుకుంటాం" అన్నాను. కుంకుడుకాయ రసంతో అమ్మ రెండు పూటలు రుద్దితే గానీ వదల్లేదు. ఏడుస్తూనే చెల్లి మా ఇద్దరి మీదా విరుచుకుపడింది. "పలకరిత్తే సెయ్యాపీడం ఆయనకి రోగం. పలకరించకుండా ఉండలేపోడం నీకు రోగం. ఒకరి రోగానికి ఒకరే మందు కదా, వాడుకోరేటి?"

అంత తెలివైన మాట మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి నేనే ప్రొఫెసర్ని. తలకి తువ్వాలు చుట్టుకుని, పోర్టులో నేర్చిన తిట్లన్నీ వడగట్టి, కుర్చీ వేసుక్కూర్చుని బావ మీద పడేవాణ్ణి. "ఏమయ్యా, మీ నాన్న ఏం చేస్తాడు? ఎద్దులకి కూడా లేచి నిలబడతావటగా? ఈ తెల్లకోటు సెలూన్లోంచి ఎత్తుకొచ్చావా?" అని గుక్క తిప్పుకోకుండా అడుగుతుంటే, పాపం బావ మోకాళ్ళు వాటంతటవే లేవబోయేవి. వాటిని నొక్కిపెట్టి నూరేవాడు. నవ్వొచ్చి ఆగేవాడు, మొహమాటమొచ్చి ఆగేవాడు. ఆగినప్పుడల్లా తలుపు వెనక నుంచి చెల్లి గొంతు వినబడేది. సెయ్యాపకు బావా, అని. వర్షాలు పట్టేనాటికి నా ఎకసక్కేలకి తలెత్తకుండానే దీటుగా జవాబులిస్తూ, కల్వంలో చప్పుడు తెప్పించేంతవాడయ్యాడు. నాకు లోపల బెంగగానే ఉండేది. నేను ఎంత అరిచినా వాడి బావనే గానీ పెద్దవాణ్ణి కాను కదా.

పరీక్షకి ముందటి ఆదివారం మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా మావయ్య దిగాడు. భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు. అప్పుడే బావ కల్వంలో నీళ్ళు పోశాడు. మేమంతా లేచాం. అమ్మ గాభరాగా చెంబుతో నీళ్ళు తెచ్చింది. బావ ఒక్కడే లేవలేదు. తండ్రి వచ్చి ఎదురుగా నిలబడితే కొడుకు కూర్చుని ఉండటం మా అందరి కళ్ళకీ అదే మొదటిసారి.

"ఏరా, వచ్చింది నాను. అగుపడ్లేదేటి?"

"అగుపడ్డావు నాన్నా. కూకో. లెగలేను." అతని చెయ్యి తిరుగుతూనే ఉంది.

మావయ్య మొహం ఎర్రబడింది. నేను అడ్డుపడి, "నీ కొడుకుని ఇలాగ తయారుచేసింది నానే మావయ్యా. ముందు కూకో, నన్ను తర్వాత తిడుదువుగాని" అన్నాను. నా హాస్యాలు అన్ని వేళలా పనిచెయ్యవని నాకు తెలిసిన క్షణమది. ఆయన నా వంక చూడనే లేదు. చదువిదేనా నేర్పింది, పద ఇంటికి, అన్నాడు. బావ కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోవాలంటే చెయ్యి ఖాళీ లేదు. మోకాలు కదిలింది. లేస్తాడనే అనుకున్నాను.

అప్పుడు, మావయ్య ఎదట ఏనాడూ పెదవి విప్పి ఎరగని మా చెల్లి, తలుపు వెనక నుంచి బయటికొచ్చి ఆయన పక్కనే నిలబడి, అందరూ వినేలా అంది.

"సెయ్యాపకు బావా."

కల్వంలో నూరుడు తప్ప వేరే సవ్వడి లేదు. ఎంతసేపో చెప్పలేను గానీ, ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా, మూకుట్లో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు మొదలయ్యాయి. మావయ్య తల పక్కకి తిప్పి విన్నాడు. గొడుగు గోడకి ఆనించి, నెమ్మదిగా కిందకి గొంతుక్కూర్చుని, కల్వం దగ్గరగా చెవి పెట్టాడు. పసుప్పచ్చటి ఆముదం వెన్నముద్దలా తెల్లబడిపోవడం చూస్తూ చూస్తూ, తను తెలిసి చేశాడో తెలియక చేశాడో, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. బావ అప్పుడు పొత్రం పక్కన పెట్టి, లేచి నిలబడి, "ఏటి నాన్నా?" అన్నాడు.

ఏం లేదురా, చూసిపోదామనొచ్చాను అన్నాడు మావయ్య. భోజనం చేసి, సాయంత్రం పాసింజరుకి ఒక్కడే వెళ్ళిపోయాడు. రైసుమిల్లు మాట ఎత్తలేదు.

సెప్టెంబరు పరీక్షలో ఆ ప్రొఫెసరే వచ్చాడట, అదే ప్రశ్న అడిగాడట. బావ, చెయ్యి ఆపకూడదండీ, క్షమించాలి అంటూనే జవాబు చెప్పాడట. ఆయన నవ్వి, చప్పుడు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడట. ఆ మీదట డిగ్రీ, ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం, మా చెల్లితో పెళ్ళి. స్టీలు ప్లాంటు లేస్తున్న ఆ రోజుల్లో ఊరు నిండా కొత్త జనం, కొత్త జ్వరాలు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంటి నుంచి ఖాళీ సీసా కడిగి పట్టుకెళ్తే ఎర్రటి మిక్స్చరు పోసి, ఏ పూటకి ఎంతో తెలిసేలా పక్కన పళ్ళు పళ్ళుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవారు. మా బావ సీసాల మీది కాగితాలు చెల్లి ఇంట్లో కూర్చుని కత్తిరించినవే. నేను డ్యూటీ దిగి వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడి, ఏమయ్యా, ఈ కోటు ఏ సెలూన్లోది అని గట్టిగా అడిగేవాణ్ణి. లోపల తల లేచేది కాదు గానీ భుజాలు నవ్వేవి.

తర్వాత తర్వాత అన్నీ కంపెనీల సీసాలే వచ్చేశాయి, బిళ్ళలే వచ్చేశాయి. కల్వం ఇంటికొచ్చేసింది. బావ పోయి కొన్నేళ్ళయింది. ఆఖరి రోజుల్లో తెలివి ఉండీ లేనట్టున్నా, కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద ఒకే వైపుకి మెల్లగా తిరుగుతూ ఉండేది. నేను పక్కన కూర్చుని ఎన్నో హాస్యాలు చెప్పేవాణ్ణి. చెల్లి ఆ చేతినే చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం అది ఆగింది.

షాపు కుర్రాడు నా బిళ్ళలు కవర్లో వేసి, వేరే ఎవరి చీటీయో అందుకున్నాడు. మంచి పిల్లాడే, చెయ్యి ఆపడు. కానీ అతని చేతుల్లోంచి నేను వినాలనుకునే చప్పుడు ఏదీ రాదు, అది అతని తప్పు కాదు. అక్కణ్ణించి తిన్నగా చెల్లి ఇంటికి వెళ్ళాను. టీలోకి అల్లం ఆ పాత కల్వంలోనే నూరుతోంది, ఒకే వైపుకి. గుమ్మంలోంచి పిలిస్తే పలికింది గానీ వెనక్కి తిరగలేదు, చెయ్యి ఆపలేదు. నేను వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుని చెవి పెట్టాను. అల్లం చిటపటమనదని మా ఇద్దరికీ తెలుసు. అయినా తను నూరుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.