లైసెన్సు గదిలో రాగుల సంచులు

పుంగనూరు బస్టాండుకు దగ్గర్లో మాకొక ఎరువుల, పురుగుమందుల అంగడి ఉంది. పేరుకు మందుల అంగడే గాని, నేను కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడికి వచ్చేవాళ్లలో సగంమందికి మందుతో పని ఉండేది కాదు. వాళ్లు సంచి పెట్టడానికి వచ్చేవాళ్లు. పొద్దున్నే పల్లె నుంచి వచ్చి బస్సు దిగడం, చేతిలో బరువు మా అంగట్లో దించడం, పెట్టిపోతున్నానని మా మామకు ఒక మాట చెప్పడం, బ్యాంకుకో ఆస్పత్రికో చేతులూపుకుంటూ పోవడం. సాయంత్రం బస్సుకు ముందు వచ్చి తీసుకుంటారు. చీటీ లేదు, గుర్తు లేదు. ఏ సంచి ఎవరిదో మామకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

సంచుల్లో లేనిదంటూ ఉండేది కాదు. రాగులు, చెనిగ్గింజలు, చింతపండు, ఆవుకు తవుడు, పెళ్లికి కొన్న చీరలు. ఒకసారి కాళ్లు కట్టేసిన కోడి. ఆ కోడి మధ్యాహ్నందాకా డ్రిప్పు పైపుల చుట్ట మీద కూర్చుని, వచ్చిన ప్రతి రైతునూ మెడ తిప్పి తిప్పి చూసింది. తనకన్నా దానికే వ్యాపారం మీద శ్రద్ధ ఎక్కువని మామ అన్నాడు.

నేను కుప్పం పిల్లను. మా నాయన రైలెక్కితే పెట్టెను సీటు కాలికి గొలుసేసి కట్టి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకునే రకం. మూడు భాషలు కలిసే ఊరు మాది, ఏ భాషలో నవ్వినవాణ్ణీ వెంటనే నమ్మొద్దని మాకు చిన్నప్పుడే చెప్పిపెట్టాడు. అట్లాంటి ఇంటినుంచి వచ్చిన నాకు ఊరందరి సంచులూ మా అంగట్లో దొర్లుతూ ఉంటే గుండె దడదడలాడేది. ఒక్క సంచి పోయినా దొంగపేరు మనకే గదా అని నెత్తీనోరూ కొట్టుకునేదాన్ని. ఇంతవరకు పోలేదు గదా అనేవాడు మామ.

అంతలో పురుగుమందులు అమ్మేవాళ్లకు చదువు ఉండాలన్న నిబంధన వచ్చింది. కెమిస్ట్రీయో వ్యవసాయమో చదివిన డిగ్రీ ఉండాలి, లేకపోతే కోర్సుకు పోయి కూర్చోవాలి. ఈ వయసులో బెంచీ ఎక్కేది లేదని మామ తేల్చేశాడు. మా ఆయన మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ లెక్కలు చూస్తాడు, ఆయనది కామర్సు. ఇంట్లో కెమిస్ట్రీ చదివింది నేనొక్కతినే. పెళ్లిచూపుల్లో వంట వచ్చా అని అడిగారే గాని నా డిగ్రీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ సర్టిఫికెట్టును బీరువాలోంచి తీసి, పసుపు కుంకుమ పెట్టలేదు గాని, పెట్టినంత పని చేశారు.

అట్లా లైసెన్సు నా పేరుకు మారింది. కాగితం తెచ్చుకోవడానికి మదనపల్లెలో వ్యవసాయశాఖ ఆఫీసుకు పోయిన రోజు అక్కడివాళ్లు నిబంధనలు ఒక్కొక్కటే చెప్పారు. లైసెన్సులో ఏ గది రాసి ఉంటే ఆ గదిలోనే మందు ఉండాలి. ఇంకెక్కడ పెట్టినా తప్పే. ఆ గదిలో మనుషులు తినేదిగాని, పశువులు తినేదిగాని ఉండకూడదు. గాలి ఆడాలి, తాళం ఉండాలి, ప్రమాదమని బోర్డు ఉండాలి. వింటుంటే నాకు ప్రాణం లేచివచ్చింది. మా నాయన కూర్చుని రాసినట్టే ఉంది చట్టం. సంచుల పీడ ఇక వదిలిందనుకుని తిరుగు బస్సులో పల్లీలు కొనుక్కుని మరీ తిన్నాను.

ఇంటికి రాగానే మామను కూర్చోబెట్టి అంతా చెప్పాను. అంగడి వెనక మా గోడౌను ఒకటే గది. తాళం ఉన్నదీ అదొక్కటే. మందు పెట్టెలూ అందులోనే, జనం సంచులూ అందులోనే. ఆయన పురాణం విన్నట్టు శ్రద్ధగా విని, చివర ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అయితే రెండూ ఒకే గదిలో ఉండగూడదు. అంతే గదమ్మా?"

"అంతే మామా," అన్నాను.

వారంలో మండల వ్యవసాయాధికారి తనిఖీకి వస్తారని కబురు ఉంది. ఈలోగా కుప్పంలో మా చెల్లెలి బిడ్డకు పేరు పెట్టే పండగ పడింది. గది సర్దించే పని మామకు అప్పజెప్పి నిశ్చింతగా పోయాను. తిరిగి వచ్చి పుంగనూరులో బస్సు దిగేసరికి అంగడి ముందు అధికారి బండి ఆగి ఉంది. నేనూ గోడౌను దగ్గరికి పోయేసరికి మామ తాళం తీస్తున్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

తలుపు తెరిస్తే నిజంగా ముచ్చటేసింది. నేలంతా కడిగి ఉంది. కిటికీ తీసి ఉంది. గోడమీద పుర్రె బొమ్మతో ప్రమాదమని ఎర్రటి బోర్డు. దాని కింద వరసగా, ఊరి ప్రకారం పేర్చిన సంచులు. రాగులు ఒక పక్క, తవుడు ఒక పక్క, చీరల కవర్లు మేకుకు తగిలించి ఉన్నాయి. మందు సీసా మాత్రం వెదికినా ఒక్కటి లేదు.

అధికారి పుర్రెను చూశాడు, రాగులను చూశాడు, నన్ను చూశాడు. మందులు ఎక్కడని అడిగాడు.

"రెండూ ఒకే సోట ఉండగూడదని కోడలు సెప్పింది సారూ," అన్నాడు మామ. "అందుకే మందులు బయటికి పంపిచ్చేసినా."

పంపించింది పక్కంగడికి. అక్కడ పరుపులు కుట్టే భాయి ఉంటాడు, మామకు చిన్ననాటి స్నేహితుడు. మందు పెట్టెలన్నీ ఆయన దూది బస్తాల మధ్య, మంచం ఎత్తున పేర్చి ఉన్నాయి. ఎత్తు సరిగ్గా ఉందని వాటి మీద కొత్త పరుపొకటి వేసుకుని భాయి మధ్యాహ్నపు కునుకు కూడా తీస్తున్నాడట. అధికారి అడక్కుండానే, వీటి పుణ్యమా అని ఒక్క దోమ రాలేదని సంతోషంగా చెప్పాడు. నాకు నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

అధికారి గోడవైపు తిరిగి కాసేపు దగ్గాడు. అది దగ్గు కాదని ఆయన భుజాలు చూస్తేనే తెలుస్తోంది. ఇటు తిరిగాక మాత్రం నవ్వు లేదు. లైసెన్సులో లేని చోట మందు నిల్వ చేశారని కాగితం రాశాడు. పెట్టెలు గదికి చేరి, గదిలోంచి తిండి సరుకు పోయి, తాను మళ్లీ వచ్చి చూసేదాకా మందులు అమ్మకూడదన్నాడు. ఇంకోసారి ఇట్లా దొరికితే లైసెన్సే రద్దవుతుందని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పి పోయాడు.

టమోటాకు కాయ తొలిచే ఊజీ పురుగు తగిలి రైతులు మందుకోసం పరుగెత్తుతున్న రోజులవి. లైసెన్సు పోతే అంగడి మూతే, ఇంట్లో పొయ్యి వెలిగేది దానిమీదే. కోపం ఆపుకోలేక మామను కడిగేశాను. సంచులు తీసెయ్యమంటే మందులు తీసేస్తారా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, ఆశ్చర్యపోయాడు.

"మందు పోతే కంపెనీవాడు ఇంగోటి పంపిస్తాడు. వాళ్ల సంచి పోతే నేను యాడ తెచ్చిచ్చేదమ్మా? తాళమేసే గది మనకు ఒగటే గదా ఉండేది."

"లైసెన్సు పోతే ఆ గదికి తాళమెయ్యాల్సిన పనే ఉండదు మామా."

అప్పుడు తలదించుకున్నాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయాడు. నా కోపం చల్లారలేదు గాని, ఆ కంచం చూస్తే నాకూ తినబుద్ధి కాలేదు.

మర్నాడు సరుకు అటుదిటు, ఇటుదటు మార్చాం. మందులు గదిలోకి, సంచులు భాయి అంగట్లోకి. భాయి తన పడక పోయినందుకు కొంచెం దిగులుపడ్డాడు. మందులు అమ్మడం లేదని తెలిసి రైతులు వీధి చివరి అంగడిలో కొనుక్కోవడం మొదలుపెట్టారు. సంచులు పెట్టడానికి మాత్రం మా దగ్గరికే వచ్చేవాళ్లు. గిరాకీ వాళ్లకు, కాపలా మాకు. ఒళ్లు మండిపోయేది, అయినా వచ్చిన ప్రతి సంచినీ భాయి దగ్గరికి చేర్చేదాన్ని.

అధికారి మళ్లీ వస్తానన్న రోజు వచ్చింది. గదిలో మందు తప్ప ఇంకేమీ లేదని పొద్దున్నే చూసుకుని తాళం వేశాను. ఆయన ఇంకా రాకముందే ఒక ముసలమ్మ వచ్చింది. కంటి పరీక్షకు ఆస్పత్రికి పోవాలట. సంచి మామ చేతికిచ్చింది. పైన మనవడికి కొన్న రొట్టె, కింద వీధి చివర కొన్న పురుగుమందు.

మామ సంచిలోకి చూశాడు. గోడౌను వైపు చూశాడు. అందులో పెడితే రొట్టె తప్పు, పైగా ఆ మందు మన లెక్కల్లో లేని సరుకు. భాయి అంగడి వైపు చూశాడు. అక్కడ పెడితే మందు తప్పు. తర్వాత నావైపు చూశాడు.

"ఈడ పెట్టగూడదమ్మా," అన్నాడు ముసలమ్మతో.

ఆ మాట ఆయన నోట నేను అంతవరకు వినలేదు. ముసలమ్మా విని ఉండదు. తానేం తప్పు చేసిందో తెలియక అట్లాగే నిలబడిపోయింది. ఆయనకూ ఆ నిలబడడం చూడడం కష్టమైంది. సంచిలోంచి రొట్టె బయటికి తీసి ఒక చేత్తో పట్టుకున్నాడు. మందు ఉన్న సంచి ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వు పొయ్ రాపో. నేను పట్టుకోనుంటా," అని అంగడి మెట్లు దిగి, రోడ్డు వారగా పోయి నిలబడ్డాడు. రెండు చేతులూ దూరంగా చాపి, రొట్టెకు మందు గాలి సోకకుండా.

అధికారి వచ్చేసరికి ఆయన ఆ ఎండలో అట్లాగే ఉన్నాడు. ఇదేం వ్రతమని అధికారి నన్ను అడిగాడు. చెప్పాను. ఈసారి ఆయన గోడవైపు తిరగలేదు. లోపలికి వచ్చి గదంతా చూసి, అమ్మకం మొదలుపెట్టుకోవచ్చని రాసి సంతకం చేసి పోయాడు.

కాగితం పట్టుకుని మామ దగ్గరికి పరుగెత్తాను. లైసెన్సు నిలబడిందని చెప్పి, చేతులు లాగుతుంటాయి, ఆ రెండూ నాకివ్వండి అన్నాను. రొట్టె ఇచ్చాడు. మందు సంచి ఇవ్వలేదు, ఇంకొంచెం దూరం జరిపాడు.

"నీ లైసెన్సులో రాసింది లోపలి గది గదమ్మా. రోడ్డు మీద నువ్వు మందు పట్టుకోగూడదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రొట్టె పట్టుకుని ఆయనకు రెండో పక్కన నిలబడ్డాను, ముసలమ్మ వచ్చేదాకా.