ఒక బోరుకు ఒకే యజమాని

బాగేపల్లి తాలూకా బోర్లకు మేం ఆన్‌లైన్ డేటాబేస్ కట్టాం. ఊళ్లవాళ్లే అందులో వివరాలు దిద్దుకోవచ్చు. యజమాని గడిలో మాత్రం ఒక్క పేరే పట్టాలన్నాడు మా మేనేజరు. గూళూరులో ముగ్గురు అన్నదమ్ములు ఒకే బోరును వంతులవారీగా వాడుకుంటున్నారని చెప్పినా వినలేదు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

సైటు జనానికి తెరిచాక, ఆ బోరు యజమాని రోజూ మారసాగాడు. ఆ ముగ్గురిలో పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఈ పొద్దు నీళ్ల వంతు నాది కదమ్మా, నా పేరు పెట్టుకున్యా. రేపు తమ్ముడు పెట్టుకుంటాడులే," అన్నాడు.

ఇది ఆకతాయిల పనేనని మేనేజరు తేల్చేశాడు. మొత్తం డేటాబేస్‌లో ఏ రోజుకారోజు నిజం చెప్తున్న బోరు అదొక్కటే. దాని గడిని ఇక ఎవరూ దిద్దకుండా తాళం వేసి, డేటా శుభ్రమైందని అందరికీ మెయిల్ పెట్టాడా మహానుభావుడు.