కాక చేతి మాట

"ఆప్ కే పేషెంట్ ఆఫ్ హో గయే" అంది ఫోన్‌లో ఒక ఆడమనిషి గొంతు. పొద్దున ఏడు కూడా కాలేదు. డిండోలిలో మా గది ముందు, నోట్లో బ్రష్ పెట్టుకొని నిలబడి ఉన్నాను. ఆఫ్ అంటే కాక ఫోన్ ఆఫ్ అయిందేమో, ఛార్జర్ తెమ్మంటున్నారేమో అనుకున్నాను. గంటలో ఛార్జర్ తెచ్చిస్తానని హిందీలో చెప్పాను కూడా. ఆమె మళ్లీ అదే మాట మెల్లగా చెప్పింది. సూరత్‌లో మనిషి పోతే ఆఫ్ అయ్యాడనే అంటారు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఎందరి గురించో ఆ మాట విన్నవాణ్ణే. ఆ పొద్దు మాత్రం అది నా బుర్రకెక్కలేదు. ఎక్కకూడదని నేనే అనుకున్నానేమో.

కరోనా రెండోసారి వచ్చి ఈ ఊరిని ఊడ్చిపెట్టిన ఎండాకాలంలో మా కాక అట్లా పోయాడు. ఆయన నాకు రక్తం పంచుకున్న కాక కాడు. ఉత్తర తెలంగాణలో ఆయన ఊరూ మా ఊరూ ఇరుగుపొరుగు, అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో నేను ఉధ్నా స్టేషన్‌లో దిగి దిక్కులు చూస్తుంటే, నా సంచి లాక్కొని "నడువ్, మొదలు అన్నం తిందువు" అన్న మనిషి. మర్నాడు మగ్గాల కార్ఖానాకు తీసుకపోయి తన పక్క మిషన్ల దగ్గర నిలబెట్టాడు. తెగిన పోగు ఒంటి చేత్తో ముడి వేయడం నేర్పించాడు. ఎవరి అంగీ మీద పోగు వేలాడుతున్నా, వాళ్లు సేటైనా సరే, మాట మధ్యలో చెయ్యి చాచి తెంపేసేవాడు. అదొక రోగం ఆయనకు.

ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో ఉన్నవాడి చెవులు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. "నాకేమన్న చెప్పుడంటె చెవిటోని ముందట శంఖం ఊదినట్టేరా" అని ఆయనే నవ్వేవాడు. ఆ చప్పుడులో అరిచినా వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి తాకిస్తే చాయ్. అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు మెల్లగా ఒత్తితే, "అంతా బాగనే నడుస్తున్నది, ఇటు రాకు, నీ పని నువ్వు చూస్కో" అని. ఈ చివరిదాని కోసమే నేనిదంతా రాస్తున్నాను.

బయట ఆయన మనుషుల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. లాక్‌డౌన్ వచ్చి అందరి మూతులకూ మాస్కులు పడ్డాక ఆ దారీ మూసుకుపోయింది. కిరాణా దుకాణం ముందు దారి తప్పినవాడిలా నిలబడి, "ఇప్పుడు నిజంగ చెవిటోన్నయినరా" అన్నాడు. మగ్గాలు ఆగిపోయిన ఆ నెలల్లో ఆయన నాకు తప్ప ఎవరికీ అందలేదు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, కూడా బయట ఏదైనా చెప్పాలంటే నన్ను పిలిచేది. నేను చేతులతో చెప్పేవాణ్ణి.

ఆ ఏడు దీపావళి సెలవులకు ఊరికి పోదామంటే రైళ్లలో టికెట్ దొరకలేదు. అప్పుడు కాక ఒక మాట అన్నాడు. "ముప్పయ్యేండ్లాయె గుజరాత్‌కొచ్చి. ఏం చూసినవే అని ఎవలన్న అడిగితె ఏం చెప్పాలె? ఉధ్నా స్టేషన్ చూసిన్నని చెప్పాల్నా? ఇక్కడేదో ఎడారున్నదంట గద. పోదాం పాండ్రి."

పోయాం. కాక, నేను, వంట తెలిసిన మా బావ, కార్ఖానా నుంచి మిల్లుకు బట్ట మోసే టెంపో అన్న. ఆ టెంపోనే మా ఇల్లు. పైన తార్పాలిన్ కట్టి, కింద చిందీలు, అంటే మిల్లులో మిగిలిన గుడ్డ ముక్కలు, నింపిన పరుపులు వేశాం. గ్యాస్ పొయ్యి, బియ్యం, మామిడి తొక్కు, చిన్నమ్మ కట్టిచ్చిన సకినాలు. కచ్ఛ్ దాకా ఆగుతూ పోతూ రెండు రోజులు పట్టింది. ఎక్కడ నీళ్లు కనపడితే అక్కడ వంట. ఉప్పు తెల్లగా పరుచుకున్న నేల చూసి కాక చెప్పులు విడిచి నడిచాడు. ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. రెండు చెవులూ మూసుకొని, తెరిచి, మళ్లీ మూసుకొని, "నా చెవుల్ల మిషన్ బందయితలేదురా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

భుజ్ దాటాక, ఏరు రాతిని కోసుకొని పోయిన ఒక లోయ ఉందని మేకలు కాసే ఒకాయన చెప్పాడు. పొద్దున్నే నేనూ కాకా దిగాం. మిగతా ఇద్దరూ టెంపోలోనే పడుకున్నారు. రెండు పక్కలా ఎర్రరాయి, బట్ట థాన్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా. కింద మడుగుల్లో పచ్చటి నీళ్లు. కాక నోటి దగ్గర చేతులు పెట్టి "ఓ" అని కేక వేశాడు. వేసి నా దిక్కు చూశాడు.

"వచ్చిందారా?"

"వచ్చింది కాకా. రెండుసార్లు వచ్చింది."

ఆయన సంబరం చూడాలి. మళ్లీ మళ్లీ కేక వేస్తాడు, ప్రతిసారీ వచ్చిందా అని అడుగుతాడు. తనకు వినపడని దాన్ని నా ముఖంలో చూసుకున్నాడు.

కొంత దూరం పోయాక ఆయన మోకాలు పట్టేసింది. ఒక బండ మీద కూర్చున్నాడు. నీళ్ల సీసా ఆయన దగ్గరే ఉంది. ఆ మలుపు దాకా చూసి వస్తానని నేను రాళ్లు పట్టుకొని అవతలి ఒడ్డు ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే కాక అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఒత్తాడు. బాగానే ఉన్నాను, నువ్వు పో అంటున్నాడని పోయాను. ఒక మలుపు, ఇంకో మలుపు. లోయ రెండుగా చీలింది, వచ్చేటప్పుడు ఏ పాయలో దిగానో తెలియలేదు. అరిచాను. ఎవరిని పిలుస్తాను, చెవిటి మనిషినా? ఎండ నెత్తికెక్కింది. జారిపడి మోకాలి చిప్ప దోక్కుపోయింది. ముప్పై ఏళ్లు దాటినవాణ్ణి, బండకు ఒరిగి అమ్మా అని ఏడ్చాను. ఇక్కడే ఎండి చస్తానని నిజంగానే అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆ మేకల ఆయనే నన్ను పట్టుకొని కాక దగ్గరికి చేర్చాడు. కాక అదే బండ మీద, ఎండలో, నిలబడి ఉన్నాడు. పట్టేసిన మోకాలితో నిలబడే ఉన్నాడు, నేను ఎటు నుంచి వచ్చినా కనపడాలని. చేతిలో సీసా నిండుగా ఉంది. తను ఒక్క గుక్క తాగలేదు. నేను సగం తాగేదాకా ఆగి, అప్పుడు చెంప మీద ఒక్కటి పీకాడు.

"ఆగుమంటె పోతవారా?"

"నువ్వే గద పొమ్మన్నవు కాకా!" అని చెయ్యి ఒత్తి చూపించాను.

ఆయన తన అరచెయ్యి దిక్కు చూసుకున్నాడు. ఒక్కసారిగా నవ్వు మొదలైంది. "ఓరి పిచ్చోడా, ఇది కార్ఖానానారా? బయట లోకమంత దీన్ని ఆగుమనే అంటది!" నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తిరుగు దారంతా టెంపో అన్నకు అదే ఆట. గుంత వచ్చినప్పుడల్లా అరచెయ్యి ఒత్తి, "తమ్మీ, ఆగాల్నా, పోవాల్నా?" అని నన్ను ఏడిపించాడు.

మళ్లీ ఎండలు ముదిరే సరికి కాకకు జ్వరం, తర్వాత ఆయాసం. చిన్నమ్మకూ జ్వరమే, మంచం దిగలేదు. మూడు రోజులు టెంపో అన్నా నేనూ కాలుగాలిన పిల్లుల్లా ఊరంతా తిరిగాం. ప్రతి ఆసుపత్రి గేటు దగ్గరా బెడ్ లేదన్న మాటే. టెంపో వెనక, ఎడారికి పరిచిన ఆ పరుపు మీదే కాక ఎగశ్వాసతో పడుకొని ఉన్నాడు. కనపడ్డవాడికల్లా దండం పెట్టాను. ఒక గేటు మనిషి కాళ్లు పట్టుకున్నాను, సిగ్గు లేకుండా. చివరికి ఒక చోట దొరికింది. పేరు ఎందుకు లెండి, చేతనైనంత వాళ్లూ చేశారు. లోపలికి మనుషుల్ని రానివ్వరు. మిగతా రోగుల ఇంటివాళ్లు ఫోన్‌లో మాట్లాడుకున్నారు, కాకకు ఫోన్ ఏం వినపడుతుంది? "నువ్వే పో కొడుకా, ఆయన చేతి మాట నీకే ఎరుక" అని చిన్నమ్మ తలుపు లోపలి నుంచే చెప్పింది.

అదృష్టానికి ఆయన మంచం కింది అంతస్తులో, కిటికీ పక్కన. ఆ సాయంత్రం వార్డు ఆయమ్మను బతిమాలితే పరదా జరిపింది. ముఖం మీద ఆక్సిజన్ మాస్కు, చేతికి సూది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు. తిన్నవా అని చేత్తో అడిగాను. సూది ఉన్న ఆ చెయ్యే ఎత్తి, అరచెయ్యి కిందికి పెట్టి ఒత్తాడు. ఒకసారి. ఇంకోసారి. ఇంతలో వాచ్‌మన్ కర్ర ఊపుతూ నాలాంటి వాళ్లందర్నీ కిటికీల దగ్గరి నుంచి తోలడం మొదలుపెట్టాడు. చుట్టూ మిషన్లున్నాయి కదా, కార్ఖానా మాటే మాట్లాడుతున్నాడు, అంతా బాగా నడుస్తున్నది నువ్వు పో అంటున్నాడు అనుకున్నాను. సరే అని తలూపి వచ్చేశాను. చాలామంది ఆ గేటు ముందే రోడ్డు మీద దుప్పట్లు పరుచుకొని ఉన్నారు. నేనూ ఉండొచ్చు. వాచ్‌మన్ పోయాక మళ్లీ కిటికీ దగ్గరికి పోవచ్చు. మూడు రోజులుగా నిద్ర లేదు, కడుపులో మెతుకు లేదు. నన్ను ఇంటికి పోనిచ్చే అర్థమేదో అదే ఏరుకున్నాను. ఇది నిజం. లోయలో అయితే తెలియక పోయాను, ఇక్కడ ఏ సాకు చెప్పను? గదికొచ్చి అన్నం తిని, ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. లేచాక ఆ ఫోన్ వచ్చింది.

శ్మశానంలో మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. దూరం నుంచే చూశాం. మూట కట్టిన ప్లాస్టిక్ తప్ప ముఖం కనపడలేదు. అప్పటి నుంచి నేను ఒకటే పని చేస్తున్నాను. మగ్గం ముందు నిలబడినా, బస్సెక్కినా, అరచెయ్యి కిందికి ఒత్తి చూసుకుంటున్నాను. ఆగుమన్నాడా, పొమ్మన్నాడా? చూసినవాళ్లు వీడికి పిచ్చి పట్టిందనుకుంటున్నారు. పట్టినా బాగుండు.

చిన్నమ్మను తప్పించుకొని తిరిగాను. ఆమె తేరుకొని చీరెల పోగులు కత్తిరించే పని మళ్లీ మొదలుపెట్టిందని తెలిసినా పోలేదు. మొన్న ఆదివారం ఆమే కబురు పెట్టింది. ఆమెకు చదువు రాదు, ఈ కాగితం ఆమె దాకా పోదు. అందుకే మీకు ఉన్నదున్నట్టు చెప్పగలుగుతున్నాను.

చాప మీద చీరెల కుప్ప మధ్య కూర్చొని ఉంది. నేను గడపలో ఆగిపోయాను. కత్తెర ఆపకుండానే అడిగింది. "ఆఖరికి నువ్వే గద చూసినవ్ కొడుకా. ఏమన్న చెప్పిండా?"

అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఒత్తి చూపించాను. ఆమె కత్తెర ఆగింది. ఆమె ఏనాడూ కార్ఖానా గడప తొక్కలేదు, మా చేతుల మాటలు ఆమెకు తెలియవు. కానీ ముఖం విప్పారింది.

"గదా! ఇంట్ల ఎప్పటికి గదే. నేను నిలవడి అన్నం పెడుతుంటె గట్లనే అనేటోడు. కూసో, నా పక్కపొంటి కూసో అని. నేను కూసుంటె గని ముద్ద ముట్టకపోయేటోడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరి కూసున్నవా?"

"కూసున్న చిన్నమ్మా."

"సాలు బిడ్డా. గది సాలు నాకు" అని, చీరెలన్నీ తన వైపు లాక్కొని చాప మీద నాకు జాగ చేసింది. నేను గడపలోనే నిలబడి ఉన్నాను.