నేను ఎక్కని పడవ

నిన్న ఆదివారం మధ్యాహ్నం, మేడ్చల్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, మా మనవరాలు ఫోను పట్టుకుని ఉరికొచ్చి నా ముఖానికి ఎదురుగా పెట్టింది. ఫోనులో మా యారాలు, అంటే మా మరిది భార్య, చెవులు మూసేలా ఉన్ని శాలువా చుట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నది. ఆమె వెనకాల నీలంగా ఒక చెరువు, చెరువుకు అవతల నెత్తిన మంచు మోస్తున్న కొండలు. కూతురూ అల్లుడూ తీసుకుపోతే స్విట్జర్లాండ్ పోయింది, ఆ చెరువు ఒడ్డు ఊళ్లోనే నాలుగు రోజులు తీరిగ్గా ఉంటారట, పడవ ఎక్కబోయే ముందు నాకు ఫోను చేశారు.

ఆమె కూతురు మధ్యలో దూరి, "పెద్దమ్మా, అప్పట్ల నువ్వు ఎక్కింది గీ పడవనే గదా! అమ్మ ఒకటే పరేషాన్ అయితాంది, జర ధైర్యం చెప్పు" అన్నది. మా యారాలు కళ్లు ఆర్పకుండా నన్నే చూస్తూ, "అక్కా, ఏ దిక్కు కూసుంటే మంచిగ కనవడ్తది?" అని అడిగింది.

"ఎడమ దిక్కు కూసో చెల్లె, కిటికీ పక్కన" అన్నాను. మా కోడలూ మనవరాలూ, ఎంతైనా చూసొచ్చిన మనిషి కదా అన్నట్టు తలలూపారు.

మీరు నా ఈడు వాళ్లు కనుక మీకు చెప్పుకుంటున్నాను. ఆ పడవ నేను ఎన్నడూ ఎక్కలేదు. ఎక్కింది మా యారాలు. ఎడమ దిక్కున కూర్చుంటే బాగా కనబడుతుందని నాకు చెప్పింది కూడా ఆమే.

ఇది పదిహేడు పద్దెనిమిది ఏండ్ల కిందటి మాట. అప్పుడు మా కుటుంబమంతా రావల్‌కోల్‌లో ఒక్క ఇంట్లో ఉండేవాళ్లం. నేను మూడో తరగతి, మా యారాలు ఐదో తరగతి, మా ఇద్దరికీ బడి అంతటితోనే అయిపోయింది కానీ చేతిలో వంట ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా పేరంటమైనా మమ్మల్నే పిలిచేవాళ్లు, ముఖ్యంగా మా పచ్చిపులుసు కోసం. అట్లాంటి ఒక పెళ్లిలో సుచిత్ర చౌరస్తా దగ్గర ఉండే ఒకాయన మా చేతి భోజనం తిన్నాడు. మనవాళ్లను గుంపులుగా విదేశాలు తిప్పి తీసుకురావడం ఆయన పని. పెద్దవయసు వాళ్లు అక్కడ నాలుగో రోజుకే చారన్నం కోసం ఏడుపు ముఖం పెడుతున్నారని, వంటకు మమ్మల్ని రమ్మన్నాడు. మా అత్త మూడు రోజులు ఆలోచించి, పోతే ఇద్దరూ కలిసే పోవాలి, కలిసే రావాలి అని ఒప్పుకున్నది.

పోయాం. ఎన్నో ఊళ్లు తిరిగాం అంటారు కానీ మా ఇద్దరికీ అవన్నీ వంటిళ్లే. తెల్లారకముందే ఉప్మా, మధ్యాహ్నానికి డబ్బాల్లో పులిహోర, సాయంత్రం నలభై మందికి అన్నం, పప్పుచారు. ఒక్క ఆ చెరువు ఒడ్డు ఊళ్లో మాత్రం, అందరూ అలసిపోయారని, మూడు రోజులు ఆగాం. ఆ ఊరి పేరు నా నోటికి అప్పుడూ తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. కానీ కళ్లు మూసుకుంటే వీధి వీధి చెప్పగలను. ప్రతి కిటికీ కింద ఎర్రపూల తొట్టి, ఎవరూ తెంపరు. చెరువులో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కో మనిషి ఒక్క కప్పు కాఫీ ముందు పెట్టుకుని పొద్దు ఎక్కేదాకా కూర్చుంటాడు, ఎవరూ లేవమనరు. పచ్చని వాలు మీద ఆవులు మేస్తుంటే వాటి మెడగంటలు కింద ఊళ్లోకి వినబడతాయి. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకు సాక్సులు, కాన్వాసు బూట్లతో మేమిద్దరం ఆ ఒడ్డున నడుస్తుంటే, పుట్టి బుద్ధెరిగిన తరువాత పని లేకుండా నడవడం అదే మొదలని ఇద్దరికీ ఒకేసారి తట్టి నవ్వుకున్నాం. అంతవరకు మా మధ్య ఏ పొరపొచ్చెమూ లేదు.

రెండో రోజు పొద్దున ఆ సుచిత్ర చౌరస్తా ఆయన గబగబా వచ్చాడు. "అక్కా, పడవ టికెట్ ఒకటి మిగిలింది. మన గుంపుల ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులని రానంటుండు. మీల ఒకరు రాండ్రి, ఒకరు వంటకు ఉండాలె. జల్దీ చెప్పుండ్రి" అన్నాడు.

ఇక్కడ మీకు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా అమ్మగారింట్లో ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. పెట్టేవాళ్లు చెయ్యి పట్టుకుని మూడోసారి అడిగితే, తప్పదన్నట్టు తీసుకోవాలి. కడుపులో పేగులు అరుస్తున్నా సరే, ఇప్పుడే తిని వచ్చామనాలి. మీలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది. నేను పెద్దకోడలిని, ఆ టికెట్ నాదేనని నా మనసులో ఖాయమైపోయింది, అయినా మర్యాద కోసం, "నాకెందుకు తమ్మీ, నీళ్ల మీద కండ్లు తిరుగుతయి. చెల్లెను తోల్కపో" అన్నాను.

మా యారాలు, "సరే అక్కా" అన్నది. అని, చేతులు తుడుచుకుని, వెనక్కి కూడా చూడకుండా ఆయన వెంట ఉరికింది.

నేను రెండోసారి వద్దనడానికి నోరు తెరిచి ఉంచినదాన్ని అట్లాగే నిలబడిపోయాను. తరువాత చాలా ఏండ్లకు అర్థమైంది. వాళ్లమ్మగారింట్లో ఏడుగురు పిల్లలు, అక్కడ వద్దన్నవాళ్ల వాటా అక్కడికక్కడే పక్కవాళ్ల నోట్లోకి పోయేది, అందుకని ఆ ఇంట్లో ఎవరూ ఉత్తుత్తిగా వద్దనరు. నేను వద్దన్నానంటే నిజంగానే వద్దనుకున్నది. ఆమె తప్పేమీ లేదు. కానీ ఆ రోజు నా కడుపులో రగిలిన మంట ఇంతా అంతా కాదు. ఆమె పుట్టింది షామీర్‌పేటలో, చిన్నప్పటినుంచి అక్కడి పెద్ద చెరువు చూస్తూ పెరిగింది. నేను పుట్టిన ఊళ్లో బావులు తప్ప నీళ్లు ఎరుగను. అట్లాంటప్పుడు ఈ ఒక్క చెరువైనా నాకు వదలాలా వద్దా?

పప్పు నానబోసి, ఒడ్డున బల్ల మీద కూర్చున్నాను. పడవ కూత పెట్టినప్పుడల్లా నా గుండెలో ఎవరో గిచ్చినట్టయింది. ఇప్పుడు ఆ మలుపు దాటి ఉంటుంది, ఇప్పుడు కొండ కిందికి పోయి ఉంటుంది అని ఆమె చూస్తున్నవన్నీ ఊహించుకుంటూ కుళ్లుకున్నాను. ఇంతలో ఆ ఊరి ముసలమ్మ ఒకామె వచ్చి నా పక్కన కూర్చుని, సంచిలోంచి చాక్లెట్టు తీసి విరిచి నా ముందు పెట్టింది. నేను అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపాను. ఆమె చల్లగా నవ్వి, ఆ ముక్కను మళ్లీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నది. ఆ దేశమంతా మా యారాలి పుట్టిల్లే అయి కూర్చున్నది! ఒక్కపూటలో పడవా పోయింది, చాక్లెట్టూ పోయింది.

సాయంత్రం ఆమె చలికి బుగ్గలు ఎర్రబడి వచ్చింది. "అక్కా, ఆ నీళ్లూ..." అని మొదలుపెడితే నేను గిన్నెలు చప్పుడు చేశాను. "అక్కా, ఒక పల్లె కనవడ్డది..." అంటే నీళ్ల నల్లా తిప్పాను. రెండు రోజులు ఆమె నోట్లోంచి ఒక్క మాట పూర్తిగా బయటికి రానివ్వలేదు.

ఇంటికి వచ్చిన రోజు మా వాకిట్లో వాడలోని ఆడవాళ్లంతా చేరారు. మేడ్చల్ రైలు స్టేషను దాటి ఎరగని మా అత్త మధ్యలో కూర్చుని అన్నీ అడిగింది. ఆ ఊరు, ఆ చెరువు, పడవ మాట వచ్చింది. ఒకటే టికెట్ అనగానే మా అత్త, "ఇంకేంది, పెద్దకోడలే ఎక్కి ఉంటది. ఏం పిల్లా, ఎక్కినవా?" అన్నది. అంతమంది నా ముఖంలోకే చూస్తున్నారు. లేదనడానికి ఒక్క క్షణం చాలు. నా నోరు మాత్రం, "ఆఁ అత్తమ్మా, ఎక్కిన" అన్నది.

మా యారాలు తల ఎత్తి నన్ను చూసింది. ఇగ అయిపోయింది నా పని అనుకున్నాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూనే, "అక్కనే ఎక్కింది అత్తమ్మా. నేను ఒడ్డుమీద కూసోని పప్పు నానవెట్టిన" అన్నది.

కాపాడినందుకు సంతోషపడాలి కదా, నాకు ఇంకా కుళ్లు పుట్టింది. నేను ఊపిరి బిగబట్టి కోరుకున్నదాన్ని ఆమె అంత సులువుగా చాటలోంచి నూకలు పారబోసినట్టు ఎట్లా పారబోసింది?

అబద్ధం ఆడినంత తేలిక కాదు దాన్ని మోయడం. పడవలో కూర్చోవడానికి ఏముంటుంది, తినడానికి ఏం పెడతారు, బాత్రూము ఉంటుందా అని వాడవాళ్లు అడుగుతుంటే నాకేం తెలుసు? ఆఖరికి సిగ్గు విడిచి, ఇద్దరం పనిలో ఉన్నప్పుడు మెల్లగా ఆమెనే అడిగాను. ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా అన్నీ చెప్పింది. ఎడమ దిక్కున కూర్చుంటే మంచుకొండ చేతికి అందేంత దగ్గరగా వస్తుందని, నాలుగు ఇళ్లూ ఒక చర్చీ ఉన్న పల్లె ఒకటి వస్తుందని, ఆ పల్లెలో ఒక ముసలాయన ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడి పడవకు చెయ్యి ఊపాడని. "నేను గూడ ఊపిన అక్కా. నా పక్క సీటు ఆఖరిదాంక ఖాళీనే ఉండె. అందుల నువ్వుంటే ఎంత బాగుండు అనుకున్న" అన్నది. ఆ ఖాళీ సీటు మాట మాత్రం ఎవరికీ ఏనాడూ చెప్పలేదు, మిగతాదంతా నాదిగా చేసుకున్నాను.

చెప్పడం నాకు వచ్చు. ఆమె నాలుగు మాటల్లో చెప్పినదాన్ని నేను నలభై చేశాను. మా అత్త మంచాన పడిన ఏడాది, మందు మింగనని మొండికేస్తే, పడవ సంగతి చెబుతానంటే మింగేది. నేను చెబుతుంటే మా యారాలు కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతూ, తన ప్రయాణాన్ని తనే మొదటిసారి వింటున్నట్టు వినేది. "ముసలాయన చెయ్యి ఊపింది చెప్పు" అని మా అత్త అడిగేది. నేను చెయ్యి ఎత్తి ఊపి చూపించేదాన్ని. ఆ ముసలాయనను చూసిన కళ్లు ఆ గదిలో రెండే ఉండేవి, అవి నావి కావు. మా అత్త అట్లాగే నమ్ముతూ కన్నుమూసింది.

నిన్న ఫోను పెట్టేసిన తరువాత ఎందుకో ఇక ఆగలేకపోయాను. చింతపండు పక్కన పెట్టి, కోడలినీ మనవరాలినీ కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కండ్లకోయ కాలేజీలో చదివే మా మనవరాలు అంతా విని, "గంతేనా అవ్వా! మస్తు భయపెట్టినవ్, ఏందో అనుకున్న" అన్నది. అని, ఫోను రెండుసార్లు గీకి, "ఇగో, ఆ పడవల తిరిగిన వీడియోలు బొచ్చెడున్నయి. గంటసేపటి వీడియో గూడ ఉంది, పెట్టాల్నా?" అన్నది. పెట్టింది. ఎవరో తీసింది. చెరువంతా, కొండలన్నీ, ఆ నాలుగు ఇళ్ల పల్లెతో సహా వచ్చింది. మా కోడలు సగంలోనే లేచి కూర చూసుకోవడానికి పోయింది.

నేను చివరిదాకా చూశాను. ఎవరూ చెయ్యి ఊపలేదు.

ఒకప్పుడు వాడకంతటికీ ఒక్కరు పోయి వస్తే చాలు, వాళ్ల నోటిమాట మీద అందరం పోయి వచ్చినట్టే ఉండేది. ఇప్పుడు చూపించడానికి చేతికొక ఫోను ఉన్నది, చెప్పమని అడిగేవాళ్లే లేరు. ఇన్నేండ్లు నేను దాచుకున్న దొంగతనానికి ఇప్పుడు ఇంట్లో విలువే లేదు. ఆ ఒక్క సీటు ఎంత బరువో తెలిసిన మనుషులం లోకంలో ఇద్దరమే మిగిలాం, అందులో ఒకామె రెండోసారి కూడా నన్ను ఒడ్డున వదిలి ఎక్కిపోయింది. కుళ్లు లేదంటే మళ్లీ అబద్ధమే అవుతుంది.

ఆమె వచ్చే ఆదివారం వస్తుంది. రాగానే మా వసారాలో అందరి మధ్యా కూర్చోబెట్టి, అప్పటి పడవ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఆమె నోటనే చెప్పించుకోవాలని ఉన్నది. ఈసారి గిన్నెల చప్పుడు చేయను. ఆమె తప్పు చెప్పినా దిద్దను. వింటూ నా తీరున నేను కుళ్లుకుంటాను, అదొక్కటీ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.