గోపయ్య పారిపోలేదు

"అమ్మా, దొరగారు అడుగుతున్నారు. మీ ఆయన పోయి రెండేళ్ళయిందంటున్నావు. మరి నుదుట ఆ బొట్టేమిటి? చేతులకు ఆ గాజులేమిటి?"

సూర్యాపేట మిలిట్రీ క్యాంపులో బల్ల పక్కన నిలబడి అడిగినవాడు చంద్రమౌళి. బెజవాడ నుంచి దుబాసీగా వచ్చిన మనిషి. మిలిట్రీ దొర హిందీలో అన్నదాన్ని కాస్త మెత్తచేసి తెలుగులో చెప్పాడు. అయినా ఆ మాట వెంకటనర్సమ్మకు ములుకులా దిగింది. ఆమె చేతిలో మిర్యాలగూడ దవాఖాన వాళ్ళిచ్చిన కాగితం చెమటకు తడిసి మెత్తబడింది.

దొర ముందున్న కాగితంలో ఇంకోలా ఉంది: సిపాయి గోపయ్య, సెలవు ముగిసినా కంపెనీకి తిరిగి రాలేదు, పారిపోయినవాడు. బర్మా యుద్ధం చేసి వచ్చినవాడు, తుపాకీ తెలిసినవాడు పారిపోతే ఎక్కడికి పోతాడు? తుంగతుర్తి వైపు కమ్యూనిస్టు దళాల్లో చేరి తుపాకీ నేర్పుతూ ఉంటాడని దొర లెక్క. అందుకే గోపయ్య తమ్ముడు నాగయ్యను పట్టుకొచ్చి పది రోజులైంది. అన్న జాడ చెప్పకపోతే ఎల్లుండి నల్లగొండ జైలుకు పంపిస్తారు.

"కాగితం కొనుక్కోవచ్చంటున్నారు దొరగారు. పైగా మావాళ్ళు మీ ఊరొచ్చినప్పుడు మీ అత్తగారు ఏమందో తెలుసా? నా కొడుకు నిక్షేపంగా ఉన్నాడు, మొన్ననే కబురొచ్చింది అంది. తల్లి ఉన్నాడంటుంది, పెళ్ళాం పోయాడంటుంది. ఎవరిది నిజం?"

"నాదే నిజం సారూ. మా అత్తకు ఎరికలేదు."

"కన్నతల్లికి తెలియదా?"

ఆమె దగ్గర జవాబు ఉంది. చెప్పుకునే జవాబు కాదు. రెండేళ్ళ కింద వైశాఖంలో గోపయ్య సెలవు అయిపోవస్తుండగా కంపెనీకి బయలుదేరాడు. పోతూ పోతూ దామరచర్లలో ఉన్న అక్కను చూసి పోదామనుకున్నాడు. మిర్యాలగూడలో బస్సు దిగేసరికి వాంతులు, కలరా. దవాఖానలో రెండు పూటలు కూడా నిలవలేదు. అక్కడ పనిచేసే దానియేలు అనే ఆయన తన దుప్పటి కప్పి, గుంట తీసి మట్టి చేసి, తన దేవుణ్ణి తలుచుకుని దండం పెట్టి, ఆ మర్నాడు గోపయ్య పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరు పంపారని? ఎవరూ పంపలేదు. అట్లాంటి మనుషుల మీదనే భూమి నిలిచి ఉంది.

అతను వచ్చేనాటికి అత్త వీరమ్మ కూడా అదే రోగంతో మంచాన పడి ఉంది. ఈ మాట చెవిన పడితే ప్రాణం నిలవదన్నాడు వైద్యుడు. బావి దగ్గర వదినా మరిదీ నోట్లో కొంగులు కుక్కుకుని ఏడ్చి, పెట్టెను గడ్డివాములో దాచారు. తేరుకున్నాక చెబుదామనుకున్నారు. తేరుకున్నాక, నవ్వుతున్న ముఖం చూసి చెప్పలేకపోయారు. బొట్టు తుడిస్తే తెలిసిపోతుంది కనుక వెంకటనర్సమ్మ రోజూ బొట్టు పెట్టుకుంది. పెట్టుకున్న ప్రతిసారీ దేవుడికి లెంపలేసుకుంది. ఊళ్ళోనే చెప్పనివాళ్ళు కంపెనీకి ఏం చెబుతారు?

చంద్రమౌళి గొంతు తగ్గించాడు. "ఎల్లుండి పొద్దెక్కేలోగా మీ అత్తగారిని తీసుకురమ్మంటున్నారు. ఆమె నోటితో చెబితేనే రాసింది దిద్ది మీ మరిదిని వదులుతారట. ముందు కాసిని మంచినీళ్ళు తాగమ్మా."

బస్సు దిగి ఊరికి నడుస్తూ దారి పొడుగునా అదే లెక్క వేసుకుంది. చెబితే అత్త ప్రాణం, చెప్పకపోతే మరిది ప్రాణం.

వీరమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"నాగడేడే? ఇడిసిపెట్టిండ్రా? వాని అన్న గూడ మిలిట్రీలనే ఉన్నడని చెప్పినవా లేదా? చెప్పకుంటే నీకు నోరెందుకిచ్చిండే దేవుడు!"

"అత్తా, జర చాట కింద పెట్టు."

"ఎందుకే?"

"కింద పెట్టత్తా."

నిలబడి చెప్పలేక కూలబడి చెప్పింది. మిర్యాలగూడ అంది, వాంతులు అంది, దానియేలు అంది. వీరమ్మ కదల్లేదు. గుండె ఆగిపోయిందేమోనని కోడలు ఆమె ఛాతీ మీద చేయి వేయబోతే ఆ చేతిని విసిరికొట్టింది.

"ముట్టకు! మొన్న కబురొచ్చిందంటివి గదే. కొడుకు జొన్నరొట్టె యాది చేసిండంటివి. అదంత అబద్ధమేనా?"

"అవునత్తా."

"రెండేండ్లు నాకు బువ్వ పెట్టినవు. నా కొడుకు సావు నాకు పెట్టలే. కడుపు నాది గాదే? ఏడ్సుకునే దినం గూడ నాది గాకపాయె."

ఆ పూటా మర్నాడూ ఆమె కోడలితో మాట్లాడలేదు, గంజి ముట్టలేదు. వెంకటనర్సమ్మ గుమ్మంలో కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉంది. మూడోనాడు తెల్లవారుతుండగా వీరమ్మే లేచింది. పక్కింటి ఈదయ్య ఎద్దులు కట్టి, బండిలో మెత్తగా గడ్డి పరిచాడు. కోడలు కుంకుమ తుడవబోతే వీరమ్మ అప్పుడు మాట్లాడింది.

"ఉండనీ. సూడనీ వాళ్ళు."

సూర్యాపేట దారిలో పొద్దు పైకి ఎక్కుతూనే ఉంది. క్యాంపు ముందర అప్పటికే లారీలో మనుషుల్ని ఎక్కిస్తున్నారు. మూడోవాడు నాగయ్య. ఈదయ్య బండి ఆపకముందే వెంకటనర్సమ్మ దూకి పరుగెత్తింది. సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. లోపలి నుంచి చంద్రమౌళి చూసి చేయెత్తకపోతే ఏమయ్యేదో.

దొర ముందు వీరమ్మ చేతులు జోడించలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మీ కొడుకు ఉన్నాడా, పోయాడా?" అడిగాడు చంద్రమౌళి.

వీరమ్మ బల్ల మీది కాగితం వైపు చూసింది. దొర గడియారం వైపు చూశాడు. బయట లారీ మోత మొదలైంది. అత్త ఉన్నాడనే అంటుందేమోనని వెంకటనర్సమ్మ ఒకడుగు ముందుకు వేసింది.

"సచ్చిపోయిండు," అంది వీరమ్మ. "నాకు మొన్ననే సచ్చిపోయిండు. దీనికి మాత్రం రెండేండ్లాయె."

"మరి ఆ బొట్టు?"

"గది మొగనికి పెట్టుకున్న బొట్టు గాదు నాయినా. నాకు పెట్టుకున్నది. నేను సస్తనని బుగులువడ్డది, పిచ్చిముండ. కొడుకును దాసిపెట్టుకునే తల్లినైతే నేను నీ ముంగటికొస్తనా? నా కొడుకు ఎవనికీ భయపడి ఉరుకలే. పారిపోయిండని రాసినవు సూడు, గది కొట్టెయ్యి."

చంద్రమౌళి ఈసారి మెత్తచేయకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. దొర చాలాసేపు దవాఖాన కాగితం చూశాడు. అందులోని తేదీ, సెలవు ముగిసే తేదీ పక్కపక్కన పెట్టి చూశాడు. వీరమ్మ వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ తరువాత కలం తీసి ఒక గీత గీశాడు. లారీ ఆపమని కేక వేయించాడు.

"కంపెనీకి కూడా రాస్తామన్నారు," అన్నాడు చంద్రమౌళి.

"ఏం రాసిండో సదువు నాయినా."

"సిపాయి గోపయ్య, సెలవులో ఉండగా కలరాతో మరణించెను. పారిపోలేదు."

"ఇంకోపారి."

రెండోసారి చదివాడు. చదువుతూ ఉండగానే నాగయ్య లోపలికి వచ్చాడు. వీరమ్మ చిన్నకొడుకు దగ్గరికి నడిచి, అందరి ముందరా చెంప మీద ఒక్కటి వేసింది.

"నువ్వు గూడ దాసినవు గదరా!"

ఆ దెబ్బతోనే ఆమె గొంతు తెరుచుకుంది. గోపయ్య పేరు పెట్టి, నేల మీద కూర్చుని, రెండేళ్ళ ఏడుపు ఏడ్చింది. కోడలు జంకుతూ దగ్గరికి వెళ్ళింది. ఈసారి వీరమ్మ ఆ చేతిని విసిరికొట్టలేదు.